ఇంట్లో చదివి ఐజీసీఎస్‌ఈ: నాకు గుర్తుండిపోయింది ఆ ఆరో పేపరే

మా పాప కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ (మన పదో తరగతి లాంటి విదేశీ బోర్డు పరీక్ష) ప్రైవేటుగా రాసి రెండేళ్ళు కావస్తోంది. మస్కట్‌లో ఎనిమిదో తరగతి దాకా ఆ దారిలోనే చదివింది. మా మామకు ఒంట్లో బాగుండక తిరుపతికి వచ్చేశాం. మధ్యలో సిలబస్ మార్చడం ఇష్టం లేక ఇంట్లోనే చదివించాం. ఎన్ని సబ్జెక్టులు, ఏ గ్రేడ్ దేనికి సమానం అన్నవి వెతికితే దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పేది సైన్సుల్లో ఉండే ఆరో పేపర్ గురించి. దాన్ని ఆల్టర్నేటివ్ టు ప్రాక్టికల్ అంటారు, అంటే ప్రాక్టికల్‌కు బదులు రాసేది.

ల్యాబ్ లేని పిల్లలకు ఇది వరం అని అప్పట్లో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. ఐదో పేపర్ అంటే అసలు ప్రాక్టికల్, ల్యాబ్‌లో నిలబడి చేయాలి. మేం అడిగిన పరీక్ష సెంటర్లలో బయటి పిల్లలకు ల్యాబ్ ఇస్తామన్నది ఒక్కటీ లేదు. ఆరోది రాత పరీక్షే, గంట సేపు, 40 మార్కులు. కానీ సబ్జెక్టు గ్రేడ్‌లో 20 శాతం దాని చేతిలో ఉంటుంది. బట్టీ అక్కడ పనికిరాదు. ప్రయోగం బొమ్మ ఇచ్చి రీడింగ్ ఎంతో రాయమంటారు, గ్రాఫ్ గీయమంటారు, తప్పు ఎక్కడ దొర్లి ఉంటుందో చెప్పమంటారు, ఒక్కోసారి ప్రయోగాన్నే కొత్తగా ఆలోచించి రాయమంటారు. చేసి చూడని పిల్లలు ఇక్కడే దొరికిపోతారు.

కాబట్టి చేసి చూడాల్సిందే. తాంబూలం సున్నం నీళ్ళలో కలిపి, తేట వంచి, స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడింది. మందారాకును ముందు ఉడికించి, స్టవ్ ఆపేశాక వేడినీళ్ళ గిన్నెలో పెట్టిన స్పిరిట్‌లో నానబెట్టి, టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే నల్లబడింది. ఆ గిన్నెను మా అత్త మళ్ళీ వంటకు వాడనివ్వలేదు, అది వేరే కథ.

అన్నిటికంటే లోలకం కథ చెప్పాలి. హాల్లో ఊయల కోసం వేసిన కొక్కేనికి దారం కట్టి, కింద తాళం కప్ప వేలాడదీశాం. పొడవు సరిగ్గా మీటరు. పాప ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుంటే, లెక్కపెట్టే పని మామది. మీటరు పొడవుకు ఒక ఊపు దాదాపు 2 సెకన్లు, 20 ఊపులకు 40 రావాలి. మాకు 38 వచ్చింది. మళ్ళీ చేస్తే మళ్ళీ 38. పొడవు తప్పేమోనని టేపుతో ఇంకోసారి కొలిచాం, కప్ప మధ్య దాకా. సరిగ్గానే ఉంది. ఫోన్ మార్చాం. ఐదుసార్లు చేసి సగటు తీసినా అదే 38. సాయంత్రమంతా దీనికే సరిపోయింది. నేను విసిగిపోయి వంటింట్లోకి వెళ్ళాను.

కాసేపటికి లోపలి నుంచి పాప నవ్వు. మామ ఒకప్పుడు చంద్రగిరి దగ్గర కళ్ళాల్లో వడ్లు కొలిచిన మనిషి. కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. కప్పను వదలగానే "లాభం" అంటున్నాడు, తర్వాత రెండు, మూడు. అంటే ఊపు మొదలయ్యే క్షణానికే ఒకటి లెక్కలోకి వచ్చేస్తోంది. ఆయన ఇరవై అనేసరికి జరిగినవి 19 ఊపులే.

"లాభం కాదు తాతా, వదిలేటప్పుడు సున్నా అనాల."

"సున్నాతో మొదలుపెడితే ఏం మిగులుతాది పాపా?"

చివరికి మామ ఒప్పుకున్నాడు. మనసొప్పక అన్నాడు గానీ సున్నా అన్నాడు. 40.1 వచ్చింది. పదిసార్లు చేసి సగటు తీసినా పోని తప్పు ఉంటుందని ఆ రోజు నాకూ తెలిసింది. నేను బీకాం, సైన్సుతో నాకు పదో తరగతిలోనే తెగిపోయింది. ఆ తర్వాత పాత పేపర్లలో తప్పులు పట్టే ప్రశ్న వస్తే పాప రాసే జవాబులు పుస్తకంలోంచి దించినట్టు ఉండేవి కావు.

ఇక్కడిదాకా చూసే నేను వరం అన్నాను. పరీక్షకు ఆరు వారాల ముందు కెమిస్ట్రీ పాత పేపర్ ఒకటి దిద్దుతుంటే బ్యూరెట్ రీడింగులు మూడింటికి మూడూ తప్పు. బ్యూరెట్ అంటే ద్రవం కొలిచి వదలడానికి గీతలు, అడుగున ట్యాప్ ఉండే పొడవాటి గాజు గొట్టం. బొమ్మలో అది మొత్తం ఉండదు, చిన్న ముక్కే ఉంటుంది. 23 గీతకు కింద మూడు చిన్న గీతల దగ్గర మట్టం ఉంది. కింద ఉంది కదా అని 22.7 రాసింది. జవాబు 23.3. బ్యూరెట్‌లో సున్నా పైన ఉంటుంది. మా ఇంట్లో ఉన్న కొలగిన్నెలకు, సీసాలకు అన్నిటికీ సున్నా అడుగునే. మూడేళ్ళు వంటింట్లో చేసిన ప్రాక్టీసు పాపకు తలకిందుల అలవాటు నేర్పింది. 24 అంకె కిందనే అచ్చయి ఉన్నా కంటికి ఆనలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఇంకా ఎన్ని ఇలాంటివి ఉన్నాయో అని టెన్షన్. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే బంధువు ఒకాయన ఆదివారం అనుమతి తీసుకుని ల్యాబ్ తెరిపించాడు. పాప ట్యాప్ తిప్పుతూ మట్టం దిగడం చూసి, "ఎంత ఉందో కాదమ్మా, ఎంత పోయిందో చెప్తుందిది" అంది. పది నిమిషాల్లో తేలిపోయింది. ఆ పది నిమిషాలు మాకు దొరికాయి, అందరికీ అలాంటి బంధువు ఉండడు.

సెంటర్ సంగతి క్లుప్తంగా. నేరుగా కేంబ్రిడ్జ్‌కు ఫీజు కట్టి రాయడం కుదరదు, ప్రైవేటు పిల్లలను తీసుకునే కేంబ్రిడ్జ్ బడి ఒకటి దొరకాలి. మాకు దొరికింది చెన్నైలో. ఫీజు ఆ బడి పెట్టుకున్నదే. మొదట ఒప్పుకున్న బడి ఒకటి చివర్లో కుదరదనడంతో, రెండోది దొరికేదాకా నెల పోయింది. ఆవడిలో మా తమ్ముడి ఇల్లు ఉండబట్టి కత్తిరి ఎండల్లో పేపర్ పేపర్‌కీ పుత్తూరు, అరక్కోణం మీదుగా రైల్లో తిరిగే పని తప్పింది.

మే-జూన్‌లో రాస్తే ఫలితాలు ఆగస్టులో వస్తాయి. మన ఇంటర్ తరగతులు జూన్‌లోనే మొదలు. కాలేజీ వాళ్ళు తాత్కాలికంగా కూర్చోనిచ్చారు గానీ, ఆ రెండు నెలలూ చేరినట్టో చేరనట్టో తెలియలేదు. మన దేశంలో ఫిబ్రవరి-మార్చి విడత కూడా ఉంది, ఫలితాలు మేలో వచ్చేస్తాయి. మళ్ళీ అయితే ముందు ఆ విడతకు తీసుకునే సెంటర్ కోసమే వెతుకుతాను.

కెమిస్ట్రీలో, ఫిజిక్స్‌లో ఏ వచ్చింది, బయాలజీలో బి. బి ఎందుకో మాకు తెలియదు. బొమ్మలకు షేడింగ్ వేసే అలవాటు మానలేకపోయింది, ఈ పేపర్‌లో గీత ఒంటిగా, శుభ్రంగా ఉండాలి. అది కారణమని నా అనుమానమే తప్ప, పేపర్ వారీగా మార్కులు మా చేతికి రాలేదు.

ఇప్పుడు ఇంటర్ బైపీసీ. మొదటిరోజు ల్యాబ్‌లో టైట్రేషన్‌కు (బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా వదులుతూ రంగు మారగానే ఆపే ప్రయోగం) తప్పులు ఎక్కడ వస్తాయో అందరికంటే ముందు చెప్పిందట. ట్యాప్ తిప్పేటప్పుడు మాత్రం ఒక్కసారిగా తెరిచి రంగు దాటించేసిందట, అదీ రెండుసార్లు. తలకు వచ్చింది చేతికి రాలేదు. వరం అన్న మాటకు ఈ ముక్క కూడా జోడించాలి.

మా పాప ఎవరూ చెప్పకుండానే కూర్చుని చదివే రకం, ఇంట్లో రోజంతా ఉండే తాత ఉన్నాడు, చెన్నైలో తమ్ముడున్నాడు. ఈ మూడూ లేకపోతే ఈ దారి మంచిదో కాదో నేను చెప్పలేను. మా చిన్నోడు ఇప్పుడు ఏడో తరగతి, అరగంట ఒకచోట కుదురుగా కూర్చోడు. వాడికైతే నేను ల్యాబ్ ఉన్న బడే చూస్తాను, సిలబస్ ఏదైనా సరే.