మా ఊరి ఇరవై లీటర్ల టిన్ను

భీమవరానికి దగ్గరలోని మా ఊళ్లో ఉదయం ఏడు గంటలకల్లా నీటి శుద్ధి ప్లాంటు నుంచి ఆటోలో మంచినీళ్ల టిన్నులు వస్తాయి. రెండేళ్లుగా ఆ ప్లాంటు నీళ్లే తాగుతున్నాం కనుక ఆ సేవ గురించి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. 20 లీటర్ల టిన్ను ఇంటికి తెచ్చిస్తే 20 రూపాయలు, ప్లాంటు దగ్గర పట్టుకుంటే 10 రూపాయలు. ఆటో తెచ్చే అబ్బాయి తుపాను రోజుల్లో కూడా మోకాలిలోతు నీటిలో టిన్ను భుజాన మోసుకొచ్చాడు. ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు.

నీళ్లు తేలికగా ఉంటాయి, పప్పు త్వరగా ఉడుకుతుంది. టిన్నుల శుభ్రత మాత్రం బాగాలేదు. గత వేసవిలో ఒక టిన్నును వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగు మడతల్లో పచ్చటి పాచి కనిపించింది. చెప్పగానే మార్చి ఇచ్చారు గాని, లోపల బ్రష్షు పెట్టి కడిగే పద్ధతి ఇప్పటికీ లేదు. నీటి పరీక్షల ఫలితాలు చూపే బోర్డూ లేదు. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 2000 వరకు ఫరవాలేదని మన జాతీయ ప్రమాణం చెబుతోంది. ఆర్‌వోలో, అంటే నీటిని సన్నని పొర గుండా నెట్టి శుద్ధి చేసే పద్ధతిలో, ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి కనుక, చివరికి నీటిలో ఏం మిగులుతోందో కొనేవారికి తెలియాలి.

ప్లాంటు వెనక్కి వెళ్లి చూడండి. శుద్ధిలో మిగిలిన ఉప్పునీరు గొట్టంలోంచి నేరుగా బోదెలోకి పోతుంది. గట్టు మీద తెల్లగా ఉప్పు పేరుకుని గడ్డి మాడిపోయింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లు అందిన సీమ ఇది. మా అమ్మ పెళ్లై వచ్చిన కొత్తలో ఊరి చెరువు నుంచే బిందెతో మంచినీళ్లు తెచ్చేది. 2009లో వనామి అనే విదేశీ రకం రొయ్యకు దేశంలో అనుమతి వచ్చిన తరువాత మా చుట్టుపక్కల వరి చేలు ఒకదాని వెంట ఒకటి రొయ్యల చెరువులయ్యాయి. వాటికోసం తోడిన ఉప్పునీరు పక్క నేలలోకి ఊరుతోంది, రొయ్యలు పట్టాక వదిలే నీరు మురుగు కాలువలో కలుస్తోంది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. మన దేశపు రొయ్యను అందరికన్నా ఎక్కువగా కొనేది అమెరికా. అక్కడి పళ్లెంలోకి చేరే రొయ్య ధరలో పాడైన మా ఊరి మంచినీళ్ల చెరువు ఖరీదు లేదు. దాన్ని మేము టిన్నుకు ఇంతని రోజూ కడుతున్నాం.

మేమందరం సమానంగా కడుతున్నామా అంటే, అదీ లేదు. మా వీధిలో రొయ్యల తలలు వొలిచే పనికి వెళ్లే ఒకామె ఉంది. నలుగురున్న ఇంట్లో ఒక్క టిన్ను రెండు రోజులు రావాలి గనుక, తాగడానికి మాత్రమే ఆ నీళ్లు వాడి, వంట కుళాయి నీళ్లతోనే కానిస్తుంది. మొన్న మాఘంలో పెద్ద వీధి పెళ్లికి ఇదే ప్లాంటు అరలీటరు సీసాలు పంపింది. మర్నాడు పందిరి వెనుక మురుగు కాలువలో సగం తాగి వదిలేసిన సీసాలు మూతలతోనే తేలుతున్నాయి. ఆమె పిల్లవాడు వాటిలో నీళ్లున్నవి ఏరుతుంటే చూసి నాకు మనసు కలుక్కుమంది.

సీసాల బదులు పెళ్లిళ్లకు టిన్నులు, స్టీలు గ్లాసులు ఇవ్వమని యజమానిని అడిగాను, బేరం పోతుందన్నారు. పరీక్షల బోర్డు పెడతానని ఒప్పుకున్నారు గాని ఇంకా పెట్టలేదు. వేరే దిక్కు లేక నేను ఈ నీళ్లే కొంటున్నాను. వీలైతే మీ టిన్ను మీరే కడిగి ప్లాంటు దగ్గరికి తీసుకెళ్లి పది రూపాయలకు పట్టుకోండి. ఇంటికి తెప్పించుకుంటే మాత్రం ఒకసారి వెలుతురుకు ఎత్తి చూశాకే దించుకోండి.