పది తర్వాత ఇంటరా, పాలిటెక్నిక్కా?

ఎటు వెళ్లినా బీటెక్ పట్టా చేతికొచ్చేది ఆరేళ్లకే. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు. లేదంటే పాలిటెక్నిక్ డిప్లొమా మూడు, లేటరల్ ఎంట్రీతో నేరుగా సెకండియర్‌లో చేరితే ఇంకో మూడు. పాలిటెక్నిక్‌లో ఏడాది కలిసొస్తుందనే మాట లెక్కకు నిలవదు. మధ్యలో ఆగాల్సి వస్తే చేతిలో ఏం ఉంటుందన్నదే అసలు తేడా.

ఇంటర్ ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ)తో ఆపేస్తే పెద్దగా ఏమీ ఉండదు. డిప్లొమాతో ఆపితే రైల్వేలో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) ద్వారా జూనియర్ ఇంజినీర్ (జేఈ) పోస్టులకు దరఖాస్తు పెట్టొచ్చు, ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైతే డిప్లొమాయే నయం.

బీటెక్ మీదే గురి ఉంటే మాత్రం ఆలోచించాలి. లేటరల్ కోటా 10 శాతం, అంటే 60 మంది సెక్షన్‌కు ఆరు సీట్లు. వాటికోసం రాసే ఈసెట్‌లో 200 మార్కులు: లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టులు 100. చాలామంది దెబ్బతినేది బ్రాంచి పేపర్లో కాదు. డిప్లొమా ఫస్టియర్‌లో చదివి అటకెక్కించిన ఫిజిక్స్, కెమిస్ట్రీలో! ఆ పుస్తకాలు అమ్మేయకండి. పైగా పదిహేనేళ్లకే బ్రాంచి తేల్చుకోవాలి. సివిల్ తీసుకుని, రెండేళ్లయ్యాక కంప్యూటర్స్ మీద మనసు మళ్లితే దారి దాదాపు మూసుకుపోయినట్టే, ఎందుకంటే ఈసెట్ పేపరూ సీటూ డిప్లొమా బ్రాంచిని బట్టే ఉంటాయి. బయాలజీ ఉండదు కాబట్టి మెడిసిన్ సీట్ల కోసం రాసే నీట్ ఊసే ఎత్తనక్కర్లేదు.

ఇంటర్‌లో ఆ ఇరుకు లేదు. ఇంటర్ తర్వాత బీటెక్ సీటు కోసం రాసే ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, అందులో లెక్కలే 80. ర్యాంకును బట్టి ఏ బ్రాంచైనా అడగొచ్చు. కుదరకపోతే బీఎస్సీ ఉంది, అయిదేళ్ల లా ఉంది. ఓ సబ్జెక్టు పోయినా అదే వేసవిలో సప్లిమెంటరీ రాసుకోవచ్చు.

ఫలానా బ్రాంచే కావాలని పిల్లలే గట్టిగా చెబితే పాలిటెక్నిక్, ఇంకా తేల్చుకోకపోతే ఇంటర్. అయినా పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించండి: పదో తరగతి సిలబస్సే, ఆంధ్రప్రదేశ్‌లో 120 మార్కులు, రెండు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్నా వదలొద్దు. కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచి వరస ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో కాలేజీ పేరు చూసి ఇష్టంలేని బ్రాంచి పైన పెట్టొద్దు. కౌన్సెలింగ్ తేలకముందే ప్రైవేటు జూనియర్ కాలేజీకి ఫీజంతా కట్టి ఒరిజినల్ టీసీ ఇచ్చేస్తే, సీటొచ్చాక దాన్ని వెనక్కి తెచ్చుకోవడమే పెద్ద పని. ముందు జిరాక్సులతో, తక్కువ అడ్వాన్సుతో సరిపెడతారేమో అడగండి.