కటాఫ్ గీత మేలా, ముందూ వెనుకల తేడా మేలా? పథకాల ప్రభావాన్ని అంచనా కట్టే రెండు పద్ధతులు

ఒక ప్రభుత్వ పథకం వల్ల రైతు పరిస్థితి మెరుగుపడిందా అన్న ప్రశ్నకు, డబ్బు అందినవారి సగటులోంచి అందనివారి సగటును తీసివేస్తే జవాబు రాదన్నది గణాంకశాస్త్రం కొంత చదివినవారికి కొత్త సంగతి కాదు. పథకం రాకముందే ఆ ఇద్దరి మధ్య తేడా ఉంటుంది. లాటరీ తీసి సగం ఊళ్లకే పథకం ఇచ్చే వీలు పరిశోధకుడికి అరుదుగా తప్ప దొరకదు. కాబట్టి హనుమకొండలోనో కరీంనగర్‌లోనో పల్లె పథకాల మీద పరిశోధన మొదలుపెట్టిన విద్యార్థి చివరికి రెండు దారుల దగ్గర ఆగుతాడు: ఒకటి రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ, అంటే ఆర్‌డీ (అర్హత గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నవారిని పోల్చడం), రెండవది డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్, అంటే డీఐడీ (పథకం వచ్చిన చోటా రాని చోటా కాలంతో వచ్చిన మార్పులను పోల్చడం). ఆర్‌డీ అంటేనే నమ్మదగినదనీ, డీఐడీ రెండో తరగతి పద్ధతి అనీ సెమినార్లలో ఒక మాట తేలికగా వినిపిస్తుంది. ఆ మాట సగమే నిజం. అర్హత గీతను ఎవరు, ఎప్పుడు, దేనితో కొలిచి గీశారో తెలిసినప్పుడే ఆర్‌డీకి ఆ గౌరవం దక్కుతుంది.

ఆర్‌డీ వెనుక ఉన్న ఆలోచన 1960 నాటిది. అమెరికాలో మెరిట్ గుర్తింపు పొందిన విద్యార్థుల మీద థిసిల్‌త్‌వెయిట్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు చేసిన పరిశీలనలో ఇది మొదటిసారి కనిపిస్తుంది. కటాఫ్ మార్కుకు ఒక మార్కు తక్కువ వచ్చినవాడికీ ఒక మార్కు ఎక్కువ వచ్చినవాడికీ తెలివిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, కానీ ఒకడికి బహుమతి వస్తుంది, ఇంకొకడికి రాదు. ఆ గీత దగ్గర ఫలితం ఒక్కసారిగా ఎగిస్తే ఆ ఎగుడు బహుమతి వల్లే వచ్చిందనుకోవచ్చు. మన రైతుల విషయంలో ఇందుకు చక్కగా అమరే గీత 2008 నాటి కేంద్ర రుణమాఫీలో ఉంది. రెండు హెక్టార్లు, అంతకు తక్కువ భూమి ఉన్నవారికి బకాయి మొత్తం మాఫీ అయ్యింది; అంతకు మించిన వారు 75 శాతం కడితేనే మిగిలిన 25 శాతం పోయేది. పైగా విస్తీర్ణాన్ని అప్పు మంజూరైన నాటి లెక్క ప్రకారమే చూశారు గనుక, ప్రకటన విని భూమిని కొడుకు పేరుకు మార్చుకున్నా లాభం లేకపోయింది. పరిశోధకుడికి ఇంతకంటే కావలసింది లేదు. గుజరాత్ రైతు కుటుంబాలను సర్వే చేసి మార్టిన్ కాంజ్ 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ గీత మీదే నిలిచింది. అప్పు తీరినా పెట్టుబడి పెరగలేదనీ, బ్యాంకు బయటి అప్పు మీద ఆధారపడటం పెరిగిందనీ అందులో తేలింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చి, అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గర తీసుకున్న బాకీని తక్‌పట్టీలోనే, అంటే అమ్మకం చీటీలోనే, మినహాయింపజేసుకునే రైతులను చూసినవారికి ఆ రెండో ఫలితం పెద్దగా ఆశ్చర్యం కలిగించదు.

అయితే ఇదే గీతను వరంగల్ పల్లెల్లోకి తెచ్చి పెడితే గుజరాత్ వ్యాసం చదివినప్పుడు తట్టని చిక్కు ఒకటి బయటపడుతుంది. పథకం హెక్టార్లలో మాట్లాడింది, పాసుపుస్తకం ఎకరాల్లో, గుంటల్లో మాట్లాడుతుంది. రెండు హెక్టార్లంటే 4.94 ఎకరాలు, అంటే సుమారు 4 ఎకరాల 38 గుంటలు. నిండా ఐదెకరాల పట్టా ఉన్న రైతు రెండు గుంటల తేడాతో గీతకు అవతల పడతాడు. ఎంత విస్తీర్ణం దగ్గర ఎందరు రైతులున్నారో బొమ్మ గీస్తే ఐదెకరాల దగ్గర ఒక గుట్ట లేస్తుంది, ఎందుకంటే కొనుక్కున్న భూమీ, నోటితో చెప్పే భూమీ నిండు ఎకరాల్లో ఉంటాయి. అన్నదమ్ముల పంపకంలో వచ్చిన భూమి మాత్రం 3 ఎకరాల 17 గుంటలు, 4 ఎకరాల 29 గుంటలు అన్నట్టు ఉంటుంది. గీతకు ఒక పక్కన పంపకాల భూములు, ఇంకో పక్కన నిండు లెక్కల భూములు చేరితే, మనం పోల్చేది మాఫీ అందినవారినీ అందనివారినీ కాదు, రెండు రకాల కుటుంబ చరిత్రలను. గీత దగ్గర మనుషుల సంఖ్య ఒక్కసారిగా ఎగిసిందో లేదో చూసే మెక్‌క్రేరీ పరీక్ష 2008 నుంచి వాడుకలో ఉంది; ఇక్కడ ఆ పరీక్ష ఎవరూ మోసం చేయకపోయినా ప్రమాద గంట మోగిస్తుంది. బ్యాంకు గుమాస్తా ఐదెకరాలను రెండు హెక్టార్లని రాసుకున్న చోట ఆ గుట్ట గీతకు ఇటువైపు దూకుతుంది కూడా. నిండు ఎకరాల వారిని రెండు పక్కలా తొలగించి, గుంటలతో ఉన్నవారిని మాత్రమే పోల్చి, అంచనా ఎంత కదిలిందో చూడటం దీనికి తగిన మందు. కదలకపోతే ధైర్యంగా ముందుకు పోవచ్చు. కదిలితే ఆ గీతను వదిలేయడమే మర్యాద.

ఇక డీఐడీ సంగతి. దీనికి గీత అక్కర్లేదు, కాలం కావాలి. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన తెలంగాణ పంట పెట్టుబడి సాయం రైతుబంధును తీసుకుందాం. పట్టాదారుకు ఎకరానికి సీజన్‌కు 4000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5000. భూమికి పై పరిమితి ఉండేది కాదు. పరిమితి లేని చోట కటాఫ్ ఉండదు, కటాఫ్ లేని చోట ఆర్‌డీకి పని లేదు. రాష్ట్రమంతా ఒకేసారి అమలైంది కాబట్టి పోలికకు రాష్ట్రం దాటాలి. ఆదిలాబాద్‌లోనూ, ఎల్లకు అవతల ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలోనూ నేల నల్లరేగడి, పంట పత్తి. లెక్క అర్థమవడానికి అంకెలు ఊహించుకుంటే, ఎకరం పత్తికి పెట్టుబడి ఆదిలాబాద్‌లో 12,000 నుంచి 15,000కు, యవత్మాల్‌లో 11,000 నుంచి 12,500కు పెరిగిందనుకుందాం. ఇక్కడి పెరుగుదల 3000, అక్కడిది 1500; తేడాల మధ్య తేడా 1500. ఈ 1500 పథకానిదేనని చెప్పాలంటే, పథకం లేకపోయి ఉంటే రెండు జిల్లాలూ ఒకే వాలులో నడిచి ఉండేవని నమ్మాలి. ఆ నమ్మకం దెబ్బతినేది ఇక్కడే. 2017 వానాకాలంలో గులాబీ రంగు పురుగు యవత్మాల్‌తో సహా విదర్భ పత్తిని తీవ్రంగా దెబ్బతీసింది. ఆ దెబ్బ ఎల్లకు రెండు వైపులా ఒకే మోతాదులో పడిందని ముందుగా అనుకోవడానికి వీల్లేదు. పడకపోతే మరుసటి ఏడు అక్కడి రైతు కోలుకోవడం మన తీసివేతలో కలిసిపోయి పథకం ఫలితాన్ని తగ్గించో పెంచో చూపుతుంది. ఒక్క 2017తో పోల్చి ఆపేసిన పట్టికను అందుకే నమ్మను. అంతకు ముందు నాలుగైదేళ్ల వాలు కూడా చూపాలి.

ఒకే పథకం మీద రెండు పద్ధతులూ ప్రయోగించిన ఉదాహరణ ఉపాధి హామీ. 2006లో 200 జిల్లాల్లో, 2007లో మరో 130 జిల్లాల్లో, 2008లో మిగతా దేశంలో అమలైంది. ఇంబర్ట్, ప్యాప్ 2015లో ఈ విడతలను ఆసరా చేసుకుని డీఐడీతో లెక్కగట్టి, పథకం బాగా నడిచిన రాష్ట్రాల్లో వ్యవసాయ పనులు లేని కాలంలో కూలి రేట్లు పెరిగాయని చూపారు. లారా జిమర్‌మన్ ఏ జిల్లా ఏ విడతలోకి వస్తుందో నిర్ణయించిన వెనుకబాటు ర్యాంకును గీతగా తీసుకుని ఆర్‌డీ నడిపితే శ్రామిక మార్కెట్ మీద మొత్తంగా ప్రభావం స్వల్పంగానే కనిపించింది. ఇద్దరిలో ఒకరు తప్పని తొందరపడనక్కర్లేదు. మొదటిది వందల జిల్లాల సగటు, రెండవది ర్యాంకుల సరిహద్దు దగ్గర ఉన్న జిల్లాల మాట. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, ఖమ్మం అన్నీ మొదటి విడతలోనే ఉన్నాయి కనుక ఉత్తర తెలంగాణ లోపలే ఈ పోలిక చేయాలనుకున్నవారికి రెండు దారులూ మూసుకుపోయినట్టే.

ఆర్‌డీకి ఉన్న అసలు పరిమితి ఇదే: జవాబు గీత దగ్గరి వారికే చెల్లుతుంది. ఐదెకరాలకు కాస్త అటూ ఇటూ ఉన్న రైతుకు మాఫీ ఏం చేసిందో చెప్పగలదు. ఎకరంన్నర చెలక ఉన్నవాడికి ఏం చేసిందో చెప్పలేదు, విధానం రాసేవారు అడిగేదేమో తరచుగా ఆ ఎకరంన్నర వాడి గురించే. పైగా గీతకు దగ్గరి వారినే వాడుకుంటుంది కాబట్టి రెండు వేల కుటుంబాల సర్వేలో పనికొచ్చేవి రెండు మూడు వందలే మిగలవచ్చు. డీఐడీ మొత్తం నమూనాను వాడుకుంటుంది, కానీ అవే యూనిట్లను (జిల్లానో, ఊరినో, కుటుంబాన్నో) ఏళ్ల తరబడి వెంబడించాలి. 2016 అక్టోబర్ 11న తెలంగాణలోని పది జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ ఐదు జిల్లాలుగా చీలింది, 2019లో ములుగు వేరుపడింది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయ్యింది, రూరల్ వరంగల్ అయ్యింది. కొత్త మండలాలూ పుట్టాయి. 2014 జిల్లా పట్టికను 2019 జిల్లా పట్టిక పక్కన పెట్టి తీసివేస్తే వచ్చేది పథకం ప్రభావం కాదు, పటం మారిన ప్రభావం. గ్రామ స్థాయికి దిగి పాత హద్దుల్లోకి తిరిగి కూర్చుకునే ఓపిక లేనివారు డీఐడీ జోలికి పోకపోవడం మంచిది.

గీతను ముందే తెలుసుకుని జనం జరగగలిగితే ఆర్‌డీ కూలిపోతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి రెండు లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేసినప్పుడు, అప్పు అంతకు మించినవారు పైమొత్తం కట్టివస్తే రెండు లక్షలు మాఫీ అని నిబంధనలోనే ఉంది. అంటే గీత దాటి ఇటు రావడానికి తలుపు తెరిచే పెట్టారు. కట్టగలిగినవాడు వచ్చాడు, కట్టలేనివాడు ఆగిపోయాడు. అక్కడ ఆర్‌డీ కొలిచేది చేతిలో నగదు ఎవరికి ఆడుతుందన్నదే. దీనికి భిన్నంగా ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు 1000, 500 జనాభా గీతలుండేవి. ఆషర్, నోవోసాద్ స్థానికంగా పంపిన జనాభా లెక్కలను పక్కనపెట్టి 2001 జనగణన అంకెలనే వాడారు, ఎందుకంటే జనగణన నాడు తన ఊరి తలల లెక్కకు రోడ్డుతో ముడి ఉందని తలచి ఎవరూ లెక్క రాయలేదు. వారు 2020లో ప్రచురించిన ఫలితం ప్రకారం రోడ్డు వచ్చాక జనం వ్యవసాయం వదిలి వేరే పనులకు మళ్లారు గానీ, సాగులోనూ ఆస్తుల్లోనూ పెద్ద మార్పు రాలేదు. గీతను పాటించిన ఆరు రాష్ట్రాలనే వారు తీసుకున్నారు. అందులో మన పొరుగున ఉన్న మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు. ములుగు, ఏటూరునాగారం వంటి ఐదో షెడ్యూలు (ఆదివాసీ) ప్రాంతాలకు గీత 250 అన్నది కూడా మరిచిపోకూడదు.

మిషన్ కాకతీయ మాత్రం డీఐడీ పొలంలోని పంట. 2015 మార్చిలో మొదలై 46,000కు పైగా చెరువులను విడతలవారీగా బాగుచేయాలని తలపెట్టింది. ముందు పూడిక తీసిన చెరువు ఆయకట్టును, ఇంకా వంతు రాని చెరువు ఆయకట్టుతో పోల్చవచ్చు. 2015 కరువు, 2016లో మంచి వానలు. ఒక్క చెరువును ముందూ వెనుకా చూసి నీళ్లు పెరిగాయని రాసినవారు వాన పుణ్యాన్ని జేసీబీ ఖాతాలో వేస్తున్నారు. కానీ విడతలున్న చోట మామూలు రిగ్రెషన్, ముందే బాగైన చెరువులను తర్వాతి వాటికి పోలికగా వాడుకుని లెక్కను వంకర చేస్తుందని గుడ్‌మన్-బేకన్ 2021లో స్పష్టంగా చూపారు. అందుకు క్యాలవే, సాంత్‌అన్నా సూచించిన అంచనా ఉంది, సాఫ్ట్‌వేర్‌లోనూ దొరుకుతుంది. 2021 తర్వాత రాసిన థీసిస్‌లో పాత పద్ధతి కనిపిస్తే ఎందుకని గైడ్ అడగాలి.

ఆర్‌డీ నడిపేవారికి ఒక హెచ్చరిక చాలు: గీతకు రెండు వైపులా దగ్గరి వారితోనే సరళరేఖ గానీ, మహా అయితే రెండో ఘాతం వక్రరేఖ గానీ గీయండి, నాలుగో ఐదో ఘాతాల వక్రరేఖలు వద్దు. గెల్మన్, ఇంబెన్స్ 2019లో చెప్పింది ఇదే.

నన్ను ఈ ప్రాంతానికి ఒక ప్రశ్న ఎంచుకోమంటే శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ మీద ఆర్‌డీ చేయిస్తాను. కాలువ మట్టానికి దిగువ ఉన్న పొలానికి నీరు దానంతట అదే పారుతుంది, ఎగువ ఉన్నదానికి పారదు. ఆ ఎత్తును ఏ పట్వారీ దిద్దలేడు, ఏ సర్పంచ్ పెంచలేడు. కాలువకు మోటారు పెట్టి ఎగువకు నీరు ఎక్కించుకునే రైతులు ఉంటారు కాబట్టి గీత దగ్గర నీటి అవకాశం సున్నా నుంచి నూటికి దూకదు, కొంత మేరకే ఎగుస్తుంది. అది ఫజీ ఆర్‌డీ అవుతుంది, ఫలితంలోని ఎగుడును నీటిలోని ఎగుడుతో భాగించాలి. దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. ఎగువ పొలాలు ఎర్రచెలకా, దిగువవి రేగడా అన్నది నేలల పటంలో చూసి, కాలువ తవ్వకముందే నేల గీత దగ్గర మారిపోయిన ఊళ్లను జాబితా నుంచి తీసేయాలి.