చెక్క డెక్‌కి ఆక్సిజన్ బ్లీచ్ పొడి: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

మా ఇంటి వెనక డెక్, అంటే పలకలు పరిచిన ఆరుబయటి చెక్క అరుగు, ప్రెషర్ ట్రీటెడ్ (కుళ్లకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన) పైన్ చెక్కతో కట్టింది. పైన కప్పు లేదు, ఎండా వానా నేరుగా దానిమీదే పడతాయి. చాలా ఏళ్లుగా దాన్ని కడగడానికి సోడియం పర్‌కార్బొనేట్ పొడినే వాడుతున్నాను. డబ్బాల మీద ఆక్సిజన్ బ్లీచ్ అని ఉంటుంది. ఏ కంపెనీదన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. రెండు మూడు మార్చి చూశాను, లోపల ఉన్నది ఒకటే అయినప్పుడు పనిలో తేడా ఏమీ కనబడలేదు. సెంటు, నురగ కలిపిన బట్టల పొడి మాత్రం వద్దు. ఆ నురగ పోయేసరికి నడుం పడిపోతుంది.

ఈ పొడి నీళ్లలో కరిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్, సోడా యాష్ (వాషింగ్ సోడా లాంటి క్షారం) అవుతాయి. పెరాక్సైడ్ బూజునీ పాచినీ చంపి మరకల రంగు విరగ్గొడుతుంది. సోడా జిడ్డునీ, చెక్కకు రక్షణగా పూసిన పాత నూనె పొరనీ వదులు చేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో త్వరగా కరుగుతుంది, పని కూడా చురుగ్గా మొదలవుతుంది. కలిపిన నీళ్ల బలం కొన్ని గంటలే, అందుకని ఎంత కావాలో అంతే కలుపుకోవాలి. మిగిలింది కదా అని సీసాలో పోసి మూత బిగించకండి. లోపల ఆక్సిజన్ ఊరుతూనే ఉంటుంది, సీసా పగలొచ్చు.

నేను చేసే పద్ధతి ఇది. ముందు ఆకులు ఊడ్చి, పలకల మధ్య సందుల్లో ఇరుక్కున్న చెత్తను సన్నటి పుట్టీ బ్లేడుతో లాగేస్తాను. విసుగు పుట్టించే పనే, కానీ మొత్తం కార్యక్రమంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా గట్టి నమ్మకం. సందు మూసుకుపోతే నీరు దిగదు. తడి చెత్త కింది దూలాలకు ఆనుకుని ఉంటుంది, కుళ్లడం అక్కడే మొదలవుతుంది. పైన పలక మెరిసిపోతున్నా కింద దూలం మెత్తబడిందంటే డెక్ పని అయిపోయినట్టే. కడిగే రోజే స్క్రూడ్రైవర్ మొనతో దూలాలను అక్కడక్కడా పొడిచి చూస్తాను. గోడకు డెక్‌ని బిగించిన చోట మరీ జాగ్రత్తగా చూడాలి. మొన సులువుగా దిగిందంటే శుభ్రం చేయడం పక్కన పెట్టి రిపేరు సంగతి చూడాల్సిందే.

తర్వాత డెక్‌నీ చుట్టూ ఉన్న మొక్కలనీ మామూలు నీళ్లతో తడిపి, పొడి కలిపిన నీళ్లు పోస్తాను. పది పదిహేను నిమిషాలు అలా వదిలేయాలి, ఈలోపు ఆరిపోకూడదు. ఆరిపోతే పని ఆగిపోతుంది. మండుటెండలో కాకుండా పొద్దున్నేనో మబ్బు పట్టినప్పుడో మొదలుపెట్టేది అందుకే. పొడవాటి కర్ర ఉన్న నైలాన్ బ్రష్‌తో పలక పొడవునా రుద్దుతాను. ఇనుప తీగల బ్రష్ జోలికి వెళ్లొద్దు. దాని నలుసులు చెక్కలో దిగబడి, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి నల్ల మచ్చలుగా తేలతాయి.

ప్రెషర్ వాషర్, అంటే నీటిని బలంగా చిమ్మే యంత్రం సంగతి అందరూ అడుగుతారు. పని త్వరగా అవుతుంది, నిజమే. బూడిద రంగు పొర లేచిపోయి కింద పచ్చటి చెక్క కనిపిస్తుంటే మహా సరదాగా ఉంటుంది. కానీ పైన్ మెత్తటి చెక్క. ఒత్తిడి ఐదారు వందల పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే యూనిట్) దాటినా, మొన దగ్గరగా పెట్టినా మెత్తటి భాగం కొట్టుకుపోయి గట్టి గీతలు పైకి లేస్తాయి. ఇక ఉత్త కాళ్లతో నడిస్తే పేళ్లే. నేను దాన్ని చివర్లో నీళ్లతో కడగడానికే, వెడల్పుగా చిమ్మే మొనతో, దూరం నుంచి వాడతాను. మామూలు పైపుతో కడిగినా వచ్చే నష్టమేమీ లేదు.

క్లోరిన్ బ్లీచ్ చౌకే, బూజునూ చంపుతుంది. కానీ చెక్క పీచును తినేస్తుంది, స్క్రూలకు తుప్పు పట్టిస్తుంది, మొక్కలకూ మంచిది కాదు. అమ్మోనియాతో గానీ యాసిడ్‌తో గానీ కలిసిందంటే విషవాయువే.

ఇప్పుడు పొడి లోపాలు. కడిగాక చెక్క కాస్త నల్లబడినట్టు కనిపిస్తుంది, అది సోడా క్షారగుణం. స్క్రూల చుట్టూ ఉన్న ఇనుప మరకలనైతే ఇది ముట్టుకోదు కూడా. ఆ రెండింటికీ ఆక్సాలిక్ యాసిడ్ కావాలి. పొడి నీళ్లు పూర్తిగా కడిగేశాకే దాన్ని పోయాలి, రెండూ కలపకూడదు. పోసిన కాసేపటికే నల్ల మచ్చలు తేలిపోయి చెక్క రంగు వెనక్కి వస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే. కాకపోతే విషం అది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ పూర్తిగా కడిగేదాకా రానివ్వొద్దు.

పొడి మీద నాకున్న అసలు ఫిర్యాదు డబ్బా మీది మాటలతోనే. కడిగితే చాలు, కొత్త డెక్ అయిపోతుందన్నట్టు రాస్తారు. చెక్క బూడిద రంగుకు తిరిగేది మురికి వల్ల మాత్రమే కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది. ఎంత రుద్దినా నూనె పట్టించకపోతే మళ్లీ అదే కథ. అందుకే ఏటా మొత్తం కడగడం మానేశాను. నాలుగు నీటి చుక్కలు వేసి చూస్తాను. ముత్యాల్లా నిలబడితే ఊడ్చి వదిలేయడమే. వెంటనే ఇంకిపోతే కడిగి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, లేచిన పీచును 80 నంబర్ శాండ్‌పేపర్‌తో తేలిగ్గా తీసి నూనె వేస్తాను. పాత డెక్ అయితే ఈ శాండ్‌పేపర్ దగ్గర ఆగండి. ఒకప్పుడు ఇలాంటి చెక్కకు ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించేవారు, అమెరికాలో 2003 చివరిదాకా ఇళ్ల కోసం అమ్మారు. ఆ దుమ్ము పీల్చకూడదు.

రంగు కలిపిన నూనే కొనండి. పారదర్శకమైనది నీటిని ఆపుతుంది గానీ ఎండను పెద్దగా ఆపలేదు. పలుచగా పూసి, ఇంకని నూనెను తుడిచేయాలి, లేకపోతే జిగురుగా మిగిలిపోతుంది. ఆ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. లిన్సీడ్ లాంటి ఆరే నూనెలు గాలి తగిలి వేడెక్కి, గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నేను నీళ్లలో ముంచి, ఇనుప డబ్బాలో వేసి మూత పెడతాను.

పెయింటో వార్నిషో వేసిన డెక్‌కి ఈ పొడి కొనక్కర్లేదు. పెచ్చులు లేస్తుంటే గీకక తప్పదు. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలకైతే బూజు పోవడానికి వాడొచ్చు, ముందు కనబడని మూలలో పరీక్షించి. వాటికి నూనె అక్కర్లేదు.