అతకని ఎముకకు ‘స్టెమ్ సెల్’ ఇంజెక్షన్: తీసే మజ్జను బట్టే ఫలితం

బండి మీద నుంచి పడి కాలు విరిగింది. రాడ్ వేశారు. ఏడాది కావస్తున్నా ఎక్స్‌రేలో విరిగిన గీత అలాగే ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి ఫైళ్లు పట్టుకుని హన్మకొండ దాకా వచ్చే ఇలాంటి పేషెంట్లకు చెప్పే చికిత్సల్లో ‘స్టెమ్ సెల్ (మూలకణం) ఇంజెక్షన్’ ఒకటి. పేరు ఘనంగా ఉన్నా జరిగే పని చిన్నదే. తుంటి ఎముక అంచు నుంచి మజ్జ లాగుతారు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చిక్కని భాగాన్ని వేరు చేస్తారు, దాన్ని అతకని చోట ఎక్కిస్తారు. అంతా ఒకే పూటలో, ఆపరేషన్ థియేటర్‌లోనే అయిపోతుంది. మా రేటింగ్ అయిదుకు మూడు. అది కూడా కేసు సరైనదై, మజ్జ తీయడం సరిగ్గా జరిగితేనే.

ఈ పద్ధతికి ఆధారంగా ఎక్కువగా చూపించేది ఫ్రాన్స్ సర్జన్ ఫిలిప్ ఎర్నిగూ బృందం 2005లో ప్రచురించిన ఫలితాలను. ఇన్‌ఫెక్షన్ లేని, అతకని టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కేసులు 60 తీసుకుంటే 53 అతికాయి. పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు కాబట్టి ఈ అంకెను కొంత తగ్గించుకునే చదవాలి. అసలు విషయం అతకని ఏడుగురి దగ్గర ఉంది. అతికినవాళ్లకు మి.లీ.కి 1,500కు పైగా, మొత్తం సగటున 55 వేల దాకా ఎముక కట్టే మూలకణాలు వెళ్లాయి. అతకనివాళ్లకు వెళ్లింది మి.లీ.కి సగటున 634, మొత్తం 19 వేల చిల్లర.

ఈ లెక్కతో కిట్‌ను (మజ్జ తీసి చిక్కబరిచే సామాను సెట్టును) కొలిచి చూడండి. ఆ బృందం దాదాపు 300 మి.లీ. మజ్జ తీసి, 50 మి.లీ.కి చిక్కబరిచి, 20 మి.లీ. ఎక్కించింది. చిక్కబరిచాక మి.లీ.కి సగటున 2,579 కణాలు ఉన్నాయి. మామూలుగా దొరికే 60 మి.లీ. కిట్‌తో చేతికొచ్చేది 7 నుంచి 10 మి.లీ. అదే చిక్కదనం వచ్చిందనుకున్నా మొత్తం 18 వేల నుంచి 26 వేలు. అంటే అతకనివాళ్ల లెక్కకు దగ్గర! టిబియాకు ఒక్క కిట్‌తో ముగిస్తామంటే ఎందుకని అడగాల్సిందే. రెండు కిట్లు వాడితే బిల్లు పెరుగుతుంది, నిజమే. సగం మోతాదుకు డబ్బు కట్టడం కన్నా అది నయం.

తీసే పద్ధతి ఇంకా ముఖ్యం. మజ్జను ఒకే చోట నుంచి ఎక్కువగా లాగితే సిరంజిలోకి వచ్చేది మజ్జ కాదు, మామూలు రక్తం. ఒక్కో చోట 2 మి.లీ.కి మించకుండా తీసి, సూదిని తిప్పి, లోతు మార్చి, మళ్లీ తీయాలి. 50 మి.లీ. సిరంజి కన్నా 10 మి.లీ. సిరంజితో గట్టిగా, కొంచెంకొంచెంగా లాగితే కణాలు చాలా ఎక్కువ వస్తాయి. తుంటి ముందు అంచు కన్నా వెనక అంచులో దిగుబడి బాగుంటుంది. సిరంజిని ముందే రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ లేదా ఏసీడీ ద్రావణంతో తడిపి ఉంచకపోతే గడ్డలు కట్టి, ఫిల్టర్ దగ్గరే కణాలు పోతాయి. ఇంత ఓపికతో చేస్తే ఒక్క తీతకే చాలా సమయం పడుతుంది. అయిదు నిమిషాల్లో 60 మి.లీ. నిండిందంటే అందులో ఎక్కువ భాగం రక్తమే అనుకోవాలి. ఎక్కించేటప్పుడు సీ-ఆర్మ్ (థియేటర్‌లో అప్పటికప్పుడు చూపించే ఎక్స్‌రే యంత్రం) కింద సూది మొన గ్యాప్‌లో, రెండు ఎముక కొనల చుట్టూ ఉందని చూసుకుంటూ నెమ్మదిగా తోయాలి. తొందరపడితే ఎక్కించే మజ్జ కండలోకి పోతుంది.

ఇక ఎవరికి పనికిరాదో చెప్పాలి. విరిగిన కొనల దగ్గర కాలస్ (అతికేటప్పుడు కట్టే కొత్త ఎముక) ఏనుగు పాదంలా ఉబ్బి ఉంటే అక్కడ కణాలకు కొరత లేదు, కదలిక ఎక్కువ. దానికి లావు రాడ్ మార్చడమో, ప్లేట్‌తో బిగించడమో కావాలి. ఇంజెక్షన్ ఇస్తే డబ్బు దండగ. స్క్రూలు వదులైనా, ఎముక వంకర తిరిగినా, పొట్టి అయినా ఇదే మాట. పెద్ద గ్యాప్ ఉంటే ఇలిజరోవ్‌తో (కాలి చుట్టూ బిగించే రింగుల ఫ్రేమ్) రోజుకు 1 మి.మీ. చొప్పున ఎముకను జరపడం, లేదా మాస్క్‌లే పద్ధతిలో ముందు సిమెంటు పెట్టి 6–8 వారాల తర్వాత ఎముక గ్రాఫ్ట్ (వేరే చోట నుంచి తీసిన ఎముక ముక్కలు) నింపడం దారి. కొనలు సన్నబడి, కాలస్ జాడ లేక, రాడ్ మాత్రం గట్టిగా ఉన్న కేసే ఈ ఇంజెక్షన్‌కు తగినది.

చీము సంగతి తేలకుండా సూది వేయనివ్వకండి. రక్తపరీక్షల్లో ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ నార్మల్ అన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేనట్టు కాదు. విరిగినప్పుడు ఎముక బయటికి వచ్చి ఉంటే, కుట్ల దగ్గర ఎప్పుడైనా కారి ఉంటే, యాంటీబయాటిక్ రెండు వారాలు ఆపి, లోపలి కణజాలం నాలుగైదు చోట్ల తీసి కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) పంపాలి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూడాలి. బీడీ, సిగరెట్ మానకపోతే ఎన్ని కిట్లు పోసినా కష్టమే. నొప్పికని మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొనుక్కుని నెలల తరబడి మింగడం ఎముక అతకడానికి మంచిది కాదు.

బిల్లులో కిట్, థియేటర్, మత్తు, సీ-ఆర్మ్ విడివిడిగా రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే చేరకముందే ఆరోగ్యమిత్రను అడగండి; చేరాక అడిగితే ‘ముందు చెప్పాల్సింది’ అంటారు. పీఆర్‌పీ అంటే చేతి రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు. దానికి స్టెమ్ సెల్ రేటు వేస్తే ఒప్పుకోవద్దు. ల్యాబ్‌లో పెంచిన కణాలు, బొడ్డుతాడు కణాలు అంటే మాత్రం కథ వేరు. 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం అనుమతి లేని స్టెమ్ సెల్ వాడకం క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి, అందులో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబర్ చూపించమనండి. నంబర్ లేకుండా రేటు చెబితే ఫైలు తీసుకుని లేచి రండి.

ఇంజెక్షన్ తర్వాత నెలనెలా ముందు నుంచి, పక్క నుంచి రెండు ఎక్స్‌రేలు ఒకే కోణంలో తీయించాలి. ఆ రెండింటిలో కలిపి కనిపించే నాలుగు అంచుల్లో మూడు చోట్ల ఎముక కలిస్తే అతికినట్టు లెక్క. అనుమానం ఉంటే సీటీ. మూడు నెలలకూ ఒక్క అంచులో కూడా మార్పు లేకపోతే రెండో ఇంజెక్షన్‌కు సరే అనకముందు సీటీ, ఇన్‌ఫెక్షన్ పరీక్షలు మళ్లీ చేయించి, తుంటి ఎముక గ్రాఫ్ట్‌తో ప్లేట్ వేసే విషయం సర్జన్‌తో మాట్లాడాలి.