పర్లాకిమిడి నుంచి మోహన దాకా పాటల యాప్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

నేను మెడికల్ రెప్‌ని. ఉండేది పర్లాకిమిడిలో, తిరిగేది ఒడిశాలోని గజపతి జిల్లా అంతా, మోహన దాకా. అప్పుడప్పుడు కాశీనగర్ మీదుగా గుణుపూర్ దాకా కూడా వెళ్తుంటాను. నెలనెలా డబ్బు కట్టి వాడుతున్న పాటల యాప్ గురించి ఈ సమీక్ష. ఏ యాప్ అన్నది రాయను. ఇందులో కొన్ని తిట్లున్నాయి, పైగా నేను చెప్పబోయే విషయాల్లో పెద్ద యాప్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఎప్పుడూ నెట్ ఉండే ఊళ్లో, ఒకే భాష పాటలు వినేవాళ్లకు ఉచిత ఖాతా చాలు. సిగ్నల్ లేని దారుల్లో తిరిగేవాళ్లు, ఇంట్లో రెండు మూడు భాషలు వినిపించేవాళ్లు డబ్బు కట్టొచ్చు. అయితే కట్టేసి ఊరుకుంటే సగం దండగ. ఓపిగ్గా సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని మన దారికి తెచ్చుకోవాలి.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది డౌన్‌లోడ్. పర్లాకిమిడిలో నెట్ బాగానే వస్తుంది. పక్కనే పాతపట్నం కాబట్టి ఫోను ఒకసారి ఒడిశా టవర్ని, ఒకసారి ఆంధ్రా టవర్ని పట్టుకుంటుంది. ఇబ్బందంతా ఆర్.ఉదయగిరి వైపు ఘాటీ (కొండ దారి) ఎక్కడం మొదలయ్యాకే. ఉచిత ఖాతా రోజుల్లో పాట సగంలో ఆగిపోయేది. ఎక్కడో మలుపు తిరిగాక సిగ్నల్ దొరికేది, అప్పుడు మొదలయ్యేది పాట కాదు, ప్రకటన!

డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన సరిపోదని చాలామందికి తెలియదు. సిగ్నల్ పూర్తిగా లేని చోట యాప్ బుద్ధిగా ఫోన్లో ఉన్న పాటలు పాడుతుంది. ఒక్క గీత సిగ్నల్ ఉన్న చోటే దానికి ఆశ పుడుతుంది. హోమ్ పేజీ తెరవాలని, కొత్త బొమ్మలు లోడ్ చేయాలని తిరుగుతూ కూర్చుంటుంది. అందుకే ఊరు దాటకముందే సెట్టింగుల్లో ఆఫ్‌లైన్ మోడ్ ఆన్ చేస్తాను. అప్పుడు డౌన్‌లోడ్ అయినవి మాత్రమే కనిపిస్తాయి, వెంటనే మోగుతాయి. డాక్టర్ల ఫోన్లు రావాల్సిన పని లేకపోతే ఏకంగా ఫ్లైట్ మోడ్ పెట్టి, బ్లూటూత్ ఒక్కటే మళ్లీ ఆన్ చేస్తాను. కొండల్లో ఫోను టవర్ కోసం వెతుక్కుంటూ తాగే బ్యాటరీ అంతా ఇంతా కాదు.

ఇంకోటి. డౌన్‌లోడ్ చేసిన పాట మనదైపోదు. చాలా యాప్‌లలో 30 రోజులకు ఒక్కసారైనా ఆన్‌లైన్‌కి రావాలి, లేదంటే పాటలన్నిటికీ తాళం పడిపోతుంది. ప్లాను ఆపేసినా అంతే. నాలాంటివాడు రోజూ ఇంటికొస్తాడు కాబట్టి ఫరవాలేదు. పాత ఫోను ఒకటి జీపులో పడేసి పాటలకే వాడుకుందామనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక క్వాలిటీ సంగతి. యాప్‌లో దీనికి మూడు చోట్ల సెట్టింగు ఉంటుంది: మొబైల్ డేటాలో వినేటప్పుడు, వైఫైలో వినేటప్పుడు, డౌన్‌లోడ్‌కు. మూడూ విడివిడిగా పెట్టుకోవాలి. క్వాలిటీని కేబీపీఎస్‌లో, అంటే సెకనుకు ఎన్ని కిలోబిట్లు అని కొలుస్తారు. లెక్క సులువే. 96 కేబీపీఎస్ అంటే గంటకు సుమారు 43 ఎంబీ, 160 అయితే 72, 320 అయితే 144. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీద బతికేవాళ్లు మొబైల్ డేటాకు 96 పెట్టుకుంటే చాలు. డౌన్‌లోడ్‌కు నేను 160 పెట్టాను. అయిదు నిమిషాల పాటలు వంద దించితే 600 ఎంబీ. అదే 320లో అయితే 1.2 జీబీ అవుతుంది.

తేడా వినిపించదా అంటారు. పాట మీద ఆధారపడి ఉంటుంది. ఘంటసాల కాలం నాటి మోనో రికార్డింగులు, అందులోనూ అరిగిన గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎక్కించినవి, ఎంత పెంచినా అంతకుమించి పలకవు. ఈ మధ్య పాటలు మంచి ఇయర్‌ఫోన్లలో వింటే కొంత తెలుస్తుంది. మరి లాస్‌లెస్ (నాణ్యత ఏమీ తగ్గకుండా దాచిన పాట) అని ప్రకటనలు ఊదరగొడుతున్నారే, దాని పూర్తి ఫలితం కావాలంటే వైరు ఉండాలి. మామూలు బ్లూటూత్‌లో పాట మళ్లీ కుదించుకునే వెళ్తుంది. బైకు మీద, గాలి హోరులో, చవక బ్లూటూత్ పెట్టుకుని లాస్‌లెస్ వింటున్నానని మురిసిపోయే కుర్రాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

దీనికంటే మేలు చేసే సెట్టింగు ఇంకొకటుంది: వాల్యూమ్ నార్మలైజేషన్. పాత పాట మెల్లగా, వెంటనే వచ్చే కొత్త పాట చెవులు చిల్లులు పడేలా మోగకుండా అన్నిటినీ ఒక స్థాయికి తెస్తుంది. పాతా కొత్తా కలిపి వినేవాళ్లు ఇది తప్పకుండా ఆన్ చేసుకోండి.

భాషల దగ్గరే నాకూ యాప్‌కీ ఎక్కువ గొడవ. మా అమ్మకు ఘంటసాల, సుశీల. మా ఆవిడ పుట్టింది బరంపురంలో, చదివింది ఒడియా మీడియంలో. ఆమెకు ఒడియా గాయకుడు అక్షయ మహంతి పాట లేనిదే వంట సాగదు. పిల్లలకు హిందీ ర్యాప్. కొంతకాలం అందరం ఒకే ఖాతా మీద విన్నాం. యాప్ సలహాలు కలగూరగంప అయిపోయాయి. పాట అయిపోయాక దానంతటది ఇంకోటి అందుకునేది. ‘ఏటిరా, ఘంటసాల మద్దెలో ఈ గోలేటి?’ అని అమ్మ ఫోను నా చేతిలో పెట్టేసేది.

దీనికి మూడు మందులున్నాయి. ఆటోప్లే ఆపేస్తే జాబితా అయ్యాక పాట ఆగుతుంది. పిల్లలకు ఫోను ఇచ్చేటప్పుడు ప్రైవేట్ సెషన్ ఆన్ చేస్తే వాళ్లు విన్నది సలహాల్లోకి పెద్దగా ఎక్కదు. కొన్ని యాప్‌లలో ఒక ప్లేలిస్టును మన అభిరుచి లెక్కలోంచి తప్పించే వీలు కూడా ఉంది. పిల్లల ర్యాప్ జాబితాను నేను అలాగే తప్పించాను. వీటన్నిటికంటే ఫ్యామిలీ ప్లాను నయం. కొన్ని పెద్ద సర్వీసుల్లో ఆరుగురి దాకా ఎవరి ఖాతా వాళ్లకు ఉంటుంది, ఒక్కొక్కరికి పడే ఖర్చూ తగ్గుతుంది. కాకపోతే అందరూ ఒకే చిరునామాలో ఉండాలన్నది చాలాచోట్ల రూలు. పాతపట్నంలో ఉండే మా బావమరిది నన్నూ చేర్చు బావా అని ఇప్పటికీ అడుగుతుంటాడు. వాడి ఇల్లు నడిచిపోయే దూరమే, కానీ చిరునామా వేరు, రాష్ట్రమే వేరు.

వెతకడం ఒక కళ. తెలుగు లిపిలో కొడితే దొరికేవి తక్కువ. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో స్పెల్లింగు. ‘దేవదాసు’ కావాలంటే 1953 నాటిదీ ఉంది, 2006 నాటిదీ ఉంది. పక్కనున్న ఏడాది చూసి ఎంచుకుందామంటే అక్కడ చాలాసార్లు ఉండేది సినిమా వచ్చిన ఏడాది కాదు, డిజిటల్‌గా విడుదల చేసిన ఏడాది. అందుకని సినిమా పేరుకు సంగీత దర్శకుడి పేరు జోడిస్తాను. సి.ఆర్. సుబ్బురామన్ అని కలిపితే పాతది, చక్రి అని కలిపితే కొత్తది. పాత పాటలకు వేరేవాళ్లు పాడిన నకళ్లు కూడా అదే పేరుతో కుప్పలుగా ఉంటాయి. ఆల్బమ్ పేజీ అడుగున లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) పేరు ఉంటుంది, అది చూసుకోవాలి. ఘంటసాల పాటల్లో చాలావాటి హక్కులు సారెగామవి కాబట్టి ఆ పేరు కనబడితే ధైర్యంగా దించుకుంటాను.

సినిమా దాటి బయటికొస్తే సరుకు పల్చబడుతుంది. వంగపండు ప్రసాదరావు గారి పాటలు కొన్ని దొరికాయి. ఉత్తరాంధ్ర జానపదాలైన జముకుల కథలు, తప్పెటగుళ్లు కావాలంటే యూట్యూబ్‌కే పోవాలి, అక్కడ జాతరల్లో తీసిన వీడియోలు బోలెడు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల పాటలైతే మరీ అన్యాయం. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే ఉండి సవర భాష మీద అంత పని చేశారు. ఇన్నేళ్ల తర్వాత ఈ యాప్‌లో ఆ భాష పేరు కొడితే వచ్చేవి సంబంధం లేని పాటలు. గుమ్మ వైపు సంతల్లో మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చే కుర్రాడి దగ్గర ఇంతకంటే మంచి సరుకుంది.

పాటలు మాయం కావడం గురించి కూడా చెప్పాలి. జాబితాలో పేరుంటుంది, బూడిద రంగులో, నొక్కితే మోగదు. లేబుల్‌కీ సర్వీసుకీ ఒప్పందం తెగితే ఇలా అవుతుంది. 2023లో జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫై నుంచి వెళ్లిపోయింది అందుకే. సర్వీసే మూతపడొచ్చు కూడా, 2024లో ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను ఆపేసింది. కాబట్టి ముఖ్యమైన జాబితాలను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను. అమ్మ రోజూ వినే భక్తి పాటలు మాత్రం సీడీల నుంచి ఎక్కించిన ఎంపీ3లుగా ఫోన్లోనే ఉన్నాయి. ఫోన్లోని ఫైళ్లను పాడే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

డబ్బు విషయం క్లుప్తంగా: యాప్ డిలీట్ చేసినంత మాత్రాన ప్లాను ఆగదు. యూపీఐ ఆటోపే పెట్టుంటే డబ్బు కోసుకునే ప్రతిసారీ కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆ మెసేజ్ చదవండి, వద్దనుకుంటే యూపీఐ యాప్‌లోకే వెళ్లి మ్యాండేట్ (డబ్బు కోసుకోవడానికి మనమిచ్చిన అనుమతి) రద్దు చేయండి. దుకాణాల వాళ్లకు ఇంకో మాట: ఈ ప్లాన్లు సొంతంగా వినడానికే. షాపులో కస్టమర్లకు వినిపించడానికి వేరే లైసెన్సు కావాలి.

మొత్తం మీద నేను కొనసాగిస్తున్నాను, ఫ్యామిలీ ప్లాన్లో. కస్టమర్ సపోర్టుకు మాత్రం మార్కులు వేయను. అమ్మకు ఇష్టమైన ఒక పాట కింద గాయని పేరు తప్పుగా ఉంది. అమ్మ పట్టుబట్టి రాయించింది. పేర్లు, వివరాలు లేబుళ్లు పంపినవే తాము పెడతామని, మార్చాల్సింది వాళ్లేనని జవాబొచ్చింది. లేబుల్‌కు కూడా రాశాను. అమ్మ వారానికోసారి ఆ పాట తెరిపించి పేరు మారిందేమోనని చూస్తుంది.