కొత్త గాజు థర్మామీటర్‌ని నమ్మి హీటర్ పెంచకండి, నేను పెంచి చేపల్ని చంపుకున్నాను

ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఈ మధ్యే ఆన్‌లైన్‌లో గాజు థర్మామీటర్ తెప్పించుకున్నవాళ్ళు, ముందు లేచి వెళ్ళి దాని గొట్టం పై కొసన ఎర్రగా చిన్న ముక్కేదైనా విడిగా ఇరుక్కుని ఉందేమో చూసి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు. నాకది నాలుగు రోజులు ఆలస్యంగా కనిపించింది. ఆ దెబ్బకి మొత్తం ఆరు నియాన్ టెట్రా చేపలు, ఒక కోరీ చేప పోయాయి.

అసలు జరిగిందేమిటంటే, నా ట్యాంకుకి మొదట్నించీ అద్దం బయట అంటించే స్టిక్కర్ థర్మామీటరే ఉండేది. దాంతో గొడవేంటంటే ఒకపక్క నీళ్ళ వేడి, ఇంకోపక్క గదిలో గాలి, రెండూ తగిలి మధ్యలో ఏదో ఒక అంకె చూపిస్తుంది. అది నచ్చక, నీళ్ళలోనే ఉండే గాజుది అయితే కచ్చితంగా ఉంటుందని తెప్పించి, ఇక స్టిక్కర్‌తో పనేముందని పీకి పారేశాను. అదొక తెలివి.

కొత్తది లోపల అంటించి అరగంట ఆగి చూస్తే 22 డిగ్రీలు. హీటర్ డయల్ చూస్తే 26 మీద ఉంది. హీటర్ డయళ్ళలో ఒకటి రెండు డిగ్రీల తేడా ఉండటం మామూలే కాబట్టి హీటరే పాడైందని తేల్చేసుకున్నాను, పైగా చలికి చేపలు నీరసించి తెల్లమచ్చల జబ్బు పట్టుకుంటుందేమోనని ఒకటే టెన్షన్. రెండు రోజుల్లో డయల్‌ని కొంచెం కొంచెంగా 30కి తెచ్చాను. థర్మామీటర్ చక్కగా 26 చూపించింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. చేపల వ్యర్థాలతో నీళ్ళలో అమ్మోనియా పెరిగిందనుకుని మూడో వంతు నీళ్ళు మార్చాను. కాసేపు తేరుకున్నాయి కూడా, దాంతో తప్పు నీళ్ళదేనని ఇంకా గట్టిగా నమ్మాను. నిజానికి అవి తేరుకున్నది కాస్త చల్లటి నీళ్ళు పడ్డందుకు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్ళలో దాదాపు 9 మిల్లీగ్రాములు పడితే 30 దగ్గర 7.5 మాత్రమే పడుతుంది, అదే వేడికి చేప ఒంటికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. నియాన్లు, కోరీలు అసలే కాస్త చల్లగా ఉంటే బతికే రకాలు.

రెండో టెట్రా తేలాక అనుమానం వచ్చింది. ఒక మగ్గులో గోరువెచ్చటి నీళ్ళు పోసి గాజు థర్మామీటర్‌నీ, జ్వరం చూసుకునే డిజిటల్ థర్మామీటర్ మొననీ పక్కపక్కనే ముంచాను. డిజిటల్‌లో 37, గాజుదాంట్లో 33. అంటే నేను 26 అనుకుంటున్న ట్యాంకు నిజంగా 30 దగ్గర ఉడుకుతోంది! అప్పుడు గాజు గొట్టాన్ని దీపం ముందు పెట్టి చూస్తే, పై కొసన నాలుగు గీతల పొడవున ఎర్ర ముక్క, మధ్యంతా ఖాళీ, దాని కింద అసలు గీత. ఎర్రగా కనిపించేది రంగు కలిపిన ఆల్కహాల్. పార్సిల్‌లో తలకిందులై కుదుపులు తింటే ఈ ద్రవం తెగిపోయి ఒక ముక్క పైకెళ్ళి ఇరుక్కుంటుంది, కింద మిగిలిన గీత ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపించినా బాగుండేది, ఇలా హీటర్ పెంచేవాళ్ళం కాదు.

వెంటనే ఎయిర్ పంప్ పూర్తిగా తెరిచి, హీటర్‌ని కొన్ని గంటలకో డిగ్రీ చొప్పున దించాను. ఐసుముక్కలు వేసి ఒక్కసారి చల్లబరుద్దామని మాత్రం అనుకోకండి, ఆ దెబ్బకి మిగిలినవీ పోతాయి.

అమ్మినవాళ్ళకి ఫోటో పంపితే "ప్రయాణంలో అలా అవుతుంది, నిలువుగా పట్టుకుని తట్టండి" అన్నారు. తట్టాను, అరచేతి మీద కొట్టాను, ఓసారి కలిసినట్టే కలిసి మళ్ళీ తెగింది. గొట్టం అడుగున ద్రవం ఉండే బల్బుని మంటకి చూపిస్తే కలుస్తుందని కూడా ఎవరో చెప్పారు, ఆ పని అస్సలు చేయకండి, గాజు పేలుతుంది. నీళ్ళలో వాడేశారు కాబట్టి వాపసు తీసుకునేది లేదన్నారు. థర్మామీటర్‌ని నీళ్ళలో పెట్టకుండా ఎలా పరీక్షించాలో వాళ్ళే చెప్పాలి. చాలా గొడవపడ్డాక ఇంకోటి పంపారు.

దాంట్లో ఎర్ర గీత బాగానే ఉంది కానీ అంకెలున్న కాగితం గొట్టం లోపల వదులుగా ఉంది, కాస్త ఊపితే కిందికి జారుతోంది. కాగితం జారితే అంకెలన్నీ జారినట్టే కదా. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి సందులు నిండేలా నీళ్ళు పోసి, కలిపి, గ్లాసు అడుగు తగలకుండా ముంచితే అయిదు నిమిషాల్లో 0 చూపించాలి. ఇది 3 చూపించింది. చిరాకులో దాన్ని ఐసులోంచి తీసి నేరుగా వేడినీళ్ళ మగ్గులో పెట్టాను, టప్‌మని పగిలింది. తప్పు నాదే, చల్లటి గాజుని వేడిలో ముంచకూడదు. అడుగున బరువు కోసం పెట్టిన చిన్న చిన్న గుండ్లన్నీ మగ్గులో పడ్డాయి, అయస్కాంతానికి ఒక్కటీ అంటుకోలేదు. అంటే ఇనుము కాదు, సీసం అయ్యుండొచ్చు. ఇదే ట్యాంకులో పగిలుంటే ఏం చేసేవాణ్ణో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. మీకు ఎప్పుడైనా అలా జరిగితే హీటర్, ఫిల్టర్ ప్లగ్గులు పీకి, చేపల్ని వేరే తొట్లోకి మార్చి, అడుగున గులకరాళ్ళతో సహా గుండ్లూ గాజు పెంకులూ తీసేయండి. చేతికి గ్లౌజు లేకుండా తడమొద్దు.

గొట్టంలో ద్రవం వెండిలా మెరుస్తుంటే అది పాదరసం అయ్యే అవకాశం ఉంది, పాత స్టాకు అని ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది, ఇంకా ఎందుకా తద్దినం.

కొనేటప్పుడు అంకెలు గాజు మీదే ముద్రించి ఉన్నది దొరికితే అదే తీసుకోండి. కాగితం స్కేలుదే అయితే అది గట్టిగా అంటించి ఉందో లేదో ఊపి చూడండి. పార్సిల్ విప్పగానే, తడి తగలకముందే, గొట్టం పై కొస నుంచి బల్బు దాకా ఫోటో తీసి పెట్టుకుంటే నాలా వాదించుకోవాల్సిన పని ఉండదు. ట్యాంకులో పెట్టేటప్పుడు హీటర్‌కి ఎదురు మూలన, నీళ్ళు కదిలే చోట పెట్టి, కళ్ళు గీతకి సమానంగా తెచ్చి చదవండి, పైనుంచి చూస్తే అంకె మారిపోతుంది. థర్మామీటర్‌ని అద్దానికి పట్టి ఉంచే రబ్బరు కప్పు కొన్నాళ్ళకి గట్టిపడి ఊడిపోతుంది, కిందపడి రాయికి తగిలితే మళ్ళీ ఆ గుండ్ల కథే. సిక్లిడ్ జాతి పెద్ద చేపలు పెంచేవాళ్ళయితే గాజుది వద్దంటాను, తోకతో ఒక్కటి చాలు.

ఇప్పుడు మూడోది వాడుతున్నాను, అంకెలు గాజు మీదే ఉన్నాయి, ఐసు పరీక్షలోనూ మగ్గు పరీక్షలోనూ నిలబడింది. బయట కొత్త స్టిక్కర్ కూడా అంటించాను. ఈ రెండింటికీ ఎప్పుడూ ఉండే తేడా ఒక్కసారిగా మారిందంటే ముందు మగ్గు, జ్వరం థర్మామీటర్ బయటికి తీస్తాను, హీటర్ డయల్ జోలికి ఆ తర్వాతే.